ఇది బ్లాక్ మెటలే కాదు!

ఏ కొత్త పాటొచ్చినా వినేవాళ్లు మొదట తేల్చుకునేది ఒకటే: బాగుందా, లేదా? బ్లాక్ మెటల్ వినేవాళ్ల తీరు మాత్రం వేరు. బాగోగుల సంగతి తర్వాత. ముందు తేలాల్సింది అసలది బ్లాక్ మెటలా, కాదా అన్నది. ఆ పంచాయితీ తెగకపోతే వాళ్లకి ముద్ద దిగదు. 2025 మార్చి 28న డెఫ్‌హెవెన్ అనే అమెరికన్ బ్యాండ్ ఆరో ఆల్బమ్ 'లోన్లీ పీపుల్ విత్ పవర్' విడుదలైనప్పుడూ ఇదే తంతు. 'హమ్మయ్య, మళ్లీ దారిలోకొచ్చారు' అని కొందరు, 'అసలు వీళ్లు దారిలో ఉన్నదెప్పుడు' అని ఇంకొందరు. ఇరవయ్యేళ్లుగా ఈ సంగీతం వింటున్న నాకు ఈ గొడవ చూస్తే నవ్వొస్తుంది. దాంతో పాటు కొంచెం సిగ్గూ వేస్తుంది. నవ్వెందుకో, సిగ్గెందుకో చెప్పాలంటే ముప్పయ్యేళ్ల పైబడ్డ కథ చెప్పాలి.

ఈ సంగీతంతో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. బ్లాక్ మెటల్ అన్న పేరు ఇంగ్లండులోని న్యూకాజిల్ కుర్రాళ్లు 'వెనమ్' 1982లో తెచ్చిన ఆల్బమ్ నుండి వచ్చింది. స్వీడన్ బ్యాండ్ 'బాతరీ' దాన్ని ఇంకాస్త చిక్కబరిచింది. ఇప్పుడు మనం ఆ పేరుతో పిలిచే శబ్దానికి స్థిరమైన రూపం వచ్చింది మాత్రం 1990ల మొదట్లో, నార్వేలో. గిటార్ తీగని ఆగకుండా అతివేగంగా కిందికీ పైకీ మీటుతూ పోతారు. డ్రమ్స్ కుండపోత వానలా పడుతుంటాయి. గాయకుడు పాడడు, కీచుగొంతుతో అరుస్తాడు. మొదటిసారి వింటే మిక్సీలో గులకరాళ్లు వేసి తిప్పినట్లుంటుంది. ఓ పది నిమిషాలు ఓపిక పడితే మాత్రం విచిత్రం జరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ సంగీతం నిలబడిపోయినట్లు అనిపిస్తుంది, తంబురా శ్రుతిలాగా. దాని వెనక ఏదో సన్నటి రాగం నెమ్మదిగా కదులుతుంటుంది. ఆ నిశ్చలత్వాన్నే అసలు సరుకు చేసుకుని, సింథసైజర్లు కలిపి, పాటని పది పదిహేను నిమిషాలకి సాగదీసి, వినేవాణ్ని ఏ మంచు కురిసే అడవిలోనో ఒంటరిగా వదిలేసేదాన్ని అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్ అంటారు. అంటే 'వాతావరణం' ముఖ్యమైన బ్లాక్ మెటల్ అన్నమాట.

అదలా ఉంచి, అసలు విషయానికొద్దాం.

* * *

ఈ కథలో మొట్టమొదటి 'ఇదేం ఆల్బమ్?' అన్న ప్రశ్న శ్రోతలనుండి రాలేదు, దాన్ని విడుదల చెయ్యాల్సిన కంపెనీ నుండే వచ్చింది. నార్వే బ్యాండ్ డార్క్‌థ్రోన్ 1991లో వచ్చిన తమ తొలి ఆల్బమ్ 'సోల్‌సైడ్ జర్నీ'ని శుభ్రమైన డెత్ మెటల్ శైలిలో, స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో రికార్డు చేసింది. దాన్ని విడుదల చేసిన ఇంగ్లండు కంపెనీ పీస్‌విల్, రెండోదీ అలాంటిదే వస్తుందని ఎదురుచూసింది. వచ్చింది వేరు. 'ఎ బ్లేజ్ ఇన్ ద నార్తర్న్ స్కై' అన్న ఆ టేపులో శబ్దం పల్చగా, గరుగ్గా, ఏ నేలమాళిగలోంచో వస్తున్నట్లుంది. కంపెనీవాళ్లు కంగారుపడి మళ్లీ మిక్సింగ్ చేయిద్దామన్నారు. కుర్రాళ్లు ససేమిరా అన్నారు. మీరు వెయ్యకపోతే మా ఊళ్లో ఇంకొకడు వేస్తాడు అని బెదిరించారు. చివరికి 1992లో అది ఉన్నదున్నట్లుగానే బయటికొచ్చింది.

1994లో వచ్చిన 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' ఇంకో అడుగు ముందుకేసింది. వాయిద్యాలన్నీ ఫెన్రిజ్ ఒక్కడే వాయించాడు, అదీ నాలుగు ట్రాకుల యంత్రం మీద, ఇంట్లో. దాన్ని విన్నవాళ్లలో 'ఇది రికార్డింగా, రికార్డింగ్ పాడైందా' అన్నవాళ్లున్నారు. ఆ తర్వాత పదేళ్లపాటు ప్రపంచం నలుమూలలా కుర్రాళ్లు మంచి స్టూడియోలు అందుబాటులో ఉండి కూడా ఆ పాడు శబ్దం కోసం తంటాలు పడ్డారు. నాసిరకం అనుకున్నదే నాణ్యానికి కొలబద్ద అయింది. ఈ సూత్రం గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ కనపడుతుంది.

* * *

ఇక్కడే కథ చీకట్లోకి మళ్లుతుంది. పైన నేను 'ఇంకొకడు' అన్నది ఆస్లో నగరంలో 'హెల్వెటే' అనే రికార్డుల దుకాణం నడిపిన యూరోనిమస్‌ని. మేహెమ్ బ్యాండ్ గిటారిస్టు, ఓ చిన్న రికార్డు కంపెనీ యజమాని. హెల్వెటే అంటే నరకం. 1991 నుండి 1993 దాకా ఆ దుకాణం ఈ కుర్రాళ్లందరికీ అడ్డా. 'నిజమైన' బ్లాక్ మెటల్ ఏది, 'నకిలీ' ఏది అన్న తీర్పులు అక్కడే చెప్పేవారు. తీర్పులు సంగీతం దగ్గర ఆగలేదు. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చర్చి కాలి బూడిదైంది. 1150 ప్రాంతంలో కట్టిన కొయ్య చర్చి అది; 1883లో దాన్ని విప్పి, వేరే ఊరినుండి తెచ్చి అక్కడ నిలబెట్టారు. ఆ తర్వాతి నెలల్లో మరెన్నో చర్చిలు తగలబడ్డాయి. 1993 ఆగస్టు 10న యూరోనిమస్‌ని అతని ఇంటివద్దే బుర్జుమ్ అనే ఏకసభ్య బ్యాండ్ నడిపే వర్గ్ వికర్నెస్ పొడిచి చంపాడు. 1994లో హత్యకీ, కొన్ని చర్చిల దహనానికీ కలిపి వికర్నెస్‌కి 21 ఏళ్ల శిక్ష పడింది. ఫాంటాఫ్ట్ విషయంలో మాత్రం జ్యూరీ అతన్ని దోషిగా తేల్చలేదు. 2009లో పెరోల్ మీద బయటికొచ్చాడు.

ఆ శిక్ష పడిన ఏడే మేహెమ్ ఆల్బమ్ 'డె మిస్టెరీస్ డామ్ సథనాస్' విడుదలైంది. అందులో గిటార్ హతుడిది, బేస్ గిటార్ హంతకుడిది. కొడుకుని చంపినవాడి వాయిద్యం తీసెయ్యమని యూరోనిమస్ తల్లిదండ్రులు అడిగారు. తియ్యలేదు. ఈ రంగంలో దాన్ని ఈనాటికీ మహత్తర కృతిగా చెప్పుకుంటారు. నేనూ అలాగే చెప్పుకున్నాను.

అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్‌కి మూలస్తంభం అనదగ్గ ఆల్బమ్ కూడా ఆ హంతకుడిదే. 'ఫిలాసొఫెమ్'. రికార్డు చేసింది 1993 మార్చిలో, అంటే హత్యకి కొన్ని నెలల ముందు. విడుదలైంది 1996లో, అతను జైల్లో ఉండగా. గిటార్ యాంప్లిఫయర్ వాడకుండా సోదరుడి స్టీరియోకి తగిలించాడు. ఉన్నవాటిలో అధ్వాన్నమైన మైకు ఇమ్మని అడిగితే హెడ్‌సెట్ దొరికింది, దాంతోనే గొంతు రికార్డు చేశాడు. అందులో ఒక ట్రాకు పాతిక నిమిషాలు: అరుపులుండవు, డ్రమ్స్ ఉండవు, సింథసైజర్ మీద నాలుగు స్వరాలు తిరుగుతూ ఉంటాయి, అంతే. 'మెటల్ ఏదీ?' అన్నవాళ్లకి కొదవ లేదు. తర్వాత వచ్చిన ఒక తరం మొత్తానికి అదే పాఠ్యపుస్తకం. మన సూత్రం మళ్లీ పనిచేసింది.

* * *

ఇక్కడ నా సొంత గోడు కొంచెం. 2005 ప్రాంతంలో నేను హైదరాబాదులో రాత్రిపూట సపోర్టు ఉద్యోగం చేసేవాణ్ని. అమెరికాలో సర్వర్లు కూలితే లేపడం మన పని. అవి కూలేదాకా చేసేదేమీ లేదు. ఆఫీసు నెట్‌వర్కులో ఎవరో పుణ్యాత్ముడు పంచిన ఫోల్డర్లో 'ఫిలాసొఫెమ్' దొరికింది. తెల్లవారుఝామున మూడింటికి, ఏసీ చలిలో, ఖాళీ హాల్లో ఒంటరిగా అది వింటుంటే కలిగే అనుభూతి మాటల్లో చెప్పలేను. పిచ్చెక్కిపోయింది. ఆ మనిషి ఎవరో, ఏం చేశాడో అన్నీ వెతికి చదివాను. చదివి భయపడ్డానా? లేదు. ఇంకా ఉత్సాహం పుట్టింది. అదీ నా సిగ్గులో మొదటి వాయిదా.

ఓ రాత్రి పక్క సీటు మిత్రుడు కుర్చీ జరుపుకుని నా దగ్గరికొచ్చాడు. గుంటూరు జిల్లావాడు, నాకంటే రెండేళ్లు చిన్న. 'ఏం వింటన్నావ్ గురూ, స్టేషన్ దొరకని రేడియోలా ఉంది' అంటూ నా తెరకేసి చూశాడు. తెర మీద అప్పుడు బుర్జుమ్ వాళ్ల 'ఆస్కె' అట్టబొమ్మ ఉంది. 1993లో వచ్చిన చిన్న రికార్డది. ఆస్కె అంటే బూడిద. అట్ట మీద కాలిపోయిన ఫాంటాఫ్ట్ చర్చి శిథిలాల ఫోటో. మొదటి వెయ్యి ప్రతులతో ఒక లైటర్ కూడా ఇచ్చారు. నేను ఇదంతా కథలు కథలుగా, లైటర్ సంగతితో సహా, మంచి జోకు చెప్పినట్లు చెప్పుకొచ్చాను. వాడు విని, 'అంటే ఇది నిజం చర్చేనా?' అన్నాడు.

'అవును, ఎనిమిది వందల ఏళ్ల నాటిది' అన్నాను గొప్పగా, నేనే కట్టించినట్లు.

కాసేపు ఊరుకుని అన్నాడు: 'మా నాన్న ఊళ్లో చర్చి కట్టడానికి పదకొండేళ్లు పట్టింది గురూ. రేకుల షెడ్డే. కానీ పదకొండేళ్లు.'

వాళ్ల నాన్న పాస్టరని నాకు తెలుసు. తెలిసే వాగాను, అదీ దరిద్రం. వాడు కోప్పడలేదు. 'టీ తాగొద్దాం పద' అని లేచాడు. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు దాకా నాకు ఫాంటాఫ్ట్ ఒక అట్టబొమ్మ మాత్రమే. దాని లోపల మనుషులు కూర్చునేవారని, పెళ్లిళ్లు జరిగేవని, ఎవడో పొద్దున్నే వచ్చి తలుపులు తీసేవాడని ఒక్కసారి కూడా తట్టలేదు.

* * *

తర్వాతి కథంతా నేను ఆ టీ తర్వాతి చెవులతో విన్నదే. అందుకే శ్రోతల తీర్పులు నాకు కొత్తగా కనపడ్డాయి.

నార్వేవాళ్లే అయిన ఉల్వెర్ సంగతి చూడండి. 1995లో 'బెర్గ్‌టాట్' అనే ఆల్బమ్‌లో అరుపుల మధ్య శుభ్రమైన గొంతుతో పాడారు, జానపద బాణీలు కలిపారు. 1996లో పూర్తిగా అకౌస్టిక్ గిటార్లతో ఒకటి. 1997లో అందుకు పూర్తి వ్యతిరేకంగా, చెవులు చిల్లులు పడేంత గరుకుగా 'నాటెన్స్ మాడ్రిగల్'. అది అడవిలో రికార్డు చేశారని, కంపెనీ ఇచ్చిన డబ్బుతో ఖరీదైన సూట్లు, కారు కొనుక్కున్నారని ఒక పుకారు. బ్యాండువాళ్లు కొట్టిపారేసినా అది చావలేదు. శ్రోతలకి ఆ పుకారే కావాలి మరి. స్టూడియోలో చేశారంటే 'నకిలీ' అయిపోదూ! ఇంకో మూడేళ్లకి ఉల్వెర్ మెటల్‌ని పూర్తిగా వదిలేసి ఎలక్ట్రానిక్ సంగీతంలోకి వెళ్లిపోయింది. ద్రోహులన్నవాళ్లకి లెక్కలేదు.

2007లో రెండు వైపుల నుండి రెండు ఆల్బములొచ్చాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియా నుండి 'వుల్వ్స్ ఇన్ ద థ్రోన్ రూమ్' తెచ్చిన 'టూ హంటర్స్'లో సైతాను లేడు. అడవులూ వర్షమూ ఉన్నాయి, పాడే స్త్రీ గొంతు ఉంది. వీవర్ సోదరులు వ్యవసాయ క్షేత్రంలో బతుకుతూ చేసిన సంగీతమది. 'చెట్లని కౌగిలించుకునే బ్లాక్ మెటలా' అని వెక్కిరించారు. ఫ్రాన్స్ నుండి 'అల్సెస్ట్' అయితే అరుపులే మానేసింది. చిన్నప్పుడు కలల్లో చూసిన లోకం గురించి తియ్యగా పాడింది. దానికీ అదే తీర్పు: ఇది బ్లాక్ మెటలే కాదు.

ఇక 2013 జూన్. డెఫ్‌హెవెన్ రెండో ఆల్బమ్ 'సన్‌బేదర్'. సుమారు గంట నిడివి. నాలుగు పెద్ద పాటలు, మధ్యలో మూడు చిన్న తునకలు. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. సమీక్షల సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో దానికి 92 వచ్చింది. ఆ ఏడు వచ్చిన ఆల్బముల్లో ఏ రకం సంగీతానికైనా అది చాలా పెద్ద అంకె. వీర బ్లాక్ మెటల్ అభిమానులకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎందుకో తెలుసా? అట్ట గులాబీ రంగులో ఉంది! కళ్లు మూసుకుని ఎండకేసి మొహం పెడితే రెప్పల్లోంచి కనపడే రంగని వాళ్లు చెప్పుకున్నారు. పైగా కుర్రాళ్లకి పొడుగు జుట్టు లేదు, మొహాలకి సున్నం లేదు, చక్కగా చొక్కాలు తొడుక్కుని వేదికెక్కారు. పాటల్లో దెయ్యాలకి బదులు డబ్బున్నవాళ్ల ఇళ్ల ముందునుండి వెళ్లే డబ్బులేని కుర్రాడి అసూయ ఉంది. 'ఫ్యాషన్ పిల్లకాయలు' అని తీర్మానించేశారు.

నాకు ఆశ్చర్యం అనిపించింది ఇక్కడే. ఒక అట్ట మీద బూడిదైన గుడి, దాంతో పాటు లైటరూ ఇస్తే 'అబ్బ, ఎంత నిఖార్సు' అన్నారు. ఇంకో అట్ట గులాబీ రంగులో ఉంటే 'మన సంగీతాన్ని మంటగలిపారు' అన్నారు. మంట పెట్టింది ఎవరు బాబూ, మంటగలిపింది ఎవరు? సింథసైజర్ వాడినవాడికి వెలి. గొంతెత్తి పాడినవాడికి వెలి. చంపినవాడి దగ్గరికొచ్చేసరికి 'మనిషి వేరు, సంగీతం వేరు'. ఆ రెండో మాటలో న్యాయం లేకపోలేదు, నేనూ ఆ మాట వాడుకున్నవాణ్నే. కానీ మనిషినీ సంగీతాన్నీ విడదీయగలిగిన అంతటి విశాలహృదయులు, అట్టనీ సంగీతాన్నీ విడదీయలేకపోయారా?

శ్రోతలందరూ ఇలాంటివారే అంటే అన్యాయం. 1994లో 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' అట్ట వెనక ఆర్యజాతి నినాదం ఒకటి వేసి, దాంతో పాటు యూదుల్ని కించపరిచే మాటతో ప్రకటన కూడా ఇచ్చినప్పుడు గట్టిగానే నిలదీశారు. బ్యాండు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది, తర్వాతి ముద్రణల్లో ఆ నినాదం ఎగిరిపోయింది. అంటే వినేవాళ్లు తలుచుకుంటే జరుగుతుంది. తలుచుకోవడమే అరుదు.

వికర్నెస్ సంగతి చూస్తే అతను మారిందీ లేదు. 2014లో ఫ్రాన్స్ కోర్టు జాతి విద్వేషం రెచ్చగొట్టినందుకు అతన్ని దోషిగా తేల్చి, ఆరునెలల సస్పెండెడ్ శిక్ష, ఎనిమిది వేల యూరోల జరిమానా వేసింది. అతని జేబులోకి నా పైసా ఒక్కటీ పోలేదు అని గర్వంగా చెప్పుకుందామంటే, పోనందుకు కారణం నా నీతి కాదు, ఆఫీసు ఫోల్డర్! దొంగ కాపీ విన్నవాడు ధర్మపన్నాలు చెప్పకూడదు లెండి :-). 'ఫిలాసొఫెమ్' ఇప్పుడు పెట్టుకోను. కానీ బాగోలేదని మాత్రం అనలేను. బాగుంది. ఆ చిక్కు విడిపోదు, విడిపోయినట్లు నటించడం నాకు చేతకాదు.

* * *

నవ్వెందుకో చెప్పాను. సిగ్గులో రెండో వాయిదా మిగిలింది.

2021లో డెఫ్‌హెవెన్ 'ఇన్ఫినిట్ గ్రానైట్' తెచ్చింది. దాదాపు మొత్తం శుభ్రమైన గొంతు, అరుపులు అక్కడక్కడా. 2013లో వాళ్ల తరఫున అందరితోనూ వాదించిన నేను, నాలుగు పాటలు విని హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. నోట్లోంచి అప్రయత్నంగా వచ్చిన మాట: 'ఇది బ్లాక్ మెటలే కాదు!' అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. ముప్పయ్యేళ్లుగా ప్రతి తరమూ అన్న మాట అదే. మనకి ఇష్టమైన దాన్ని మొదట విన్నప్పుడు మనమెవరమో, ఆ మనిషి అలాగే ఉండిపోవాలని ఆశ. నాకు కావాల్సింది కొత్త పాట కాదు, తెల్లవారుఝాము మూడు గంటల ఆ ఖాళీ హాలు, పాతికేళ్ల నేను. అది ఏ బ్యాండు ఇవ్వగలదు?

ఈ కొత్త ఆల్బమ్‌లో అరుపులు తిరిగొచ్చాయి, డ్రమ్స్ మళ్లీ కుండపోత. నాకు చాలా నచ్చింది. నచ్చడానికి సగం కారణం పాతవి తిరిగిరావడమేనని తెలుసు కాబట్టి నా అభిప్రాయాన్ని నేనే సగం ధరకి కొంటున్నాను.

పీస్‌విల్ కంపెనీ 'ఇదేం శబ్దం' అని కంగారుపడ్డ 'ఎ బ్లేజ్ ఇన్ ద నార్తర్న్ స్కై'కి 2020లో నార్వే జాతీయ గ్రంథాలయం ఆ దేశపు సాంస్కృతిక చరిత్ర మీద పెట్టిన శాశ్వత ప్రదర్శనలో చోటిచ్చింది. అందులో డ్రమ్స్ వాయించిన ఫెన్రిజ్ అంతకు ముందే తమ ఊరి కౌన్సిల్‌కి ప్రత్యామ్నాయ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. దయచేసి నాకు ఓటెయ్యకండి అంటూ పిల్లిని పట్టుకున్న ఫోటోతో ప్రచారం చేసినా జనం వినలేదట. ఫాంటాఫ్ట్ చర్చిని 1997 కల్లా మళ్లీ అలాగే కట్టుకున్నారు. తగలబెట్టడానికి ఒక రాత్రి, కట్టడానికి అయిదేళ్లు.

గుంటూరు మిత్రుడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. కొత్త ఆల్బమ్ గురించి ఫోన్లో చెప్తుంటే మధ్యలో ఆపి, 'దీని అట్ట మీద ఏముంది గురూ?' అని అడిగాడు. ఇరవయ్యేళ్లయినా మర్చిపోలేదన్నమాట. ఎవరినీ తగలబెట్టలేదని చెప్పాను. 'అయితే పంపు, వింటా' అన్నాడు.

విన్నాక ఫోన్ చేశాడు. ఇంకా స్టేషన్ దొరకలేదట.